14416 టెలి మానస్: తాగేవాళ్ల ఇంటివాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

రేటింగ్: 5కి 4

"ఆయన చికిత్సకు రానంటున్నాడు, మేం మాట్లాడి ఏం లాభం?" అని ఆగిపోయే కుటుంబాలే ఎక్కువ. 14416కి మార్కులు వేయడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. ఈ నంబరుకు ఫోన్ చేయాలంటే తాగే మనిషి ఒప్పుకోనక్కర్లేదు. భార్య చేయొచ్చు, తల్లి చేయొచ్చు, కాలేజీకెళ్లే కొడుకైనా చేయొచ్చు.

2022 అక్టోబర్ 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇది. 24 గంటలూ ఉచితం. తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ లైన్లోకి వస్తారు. కేసు వాళ్ల చేయి దాటితే సైకియాట్రిస్టుకో, జిల్లాలోని ప్రభుత్వాసుపత్రికో అప్పగిస్తారు. దగ్గర్లో మద్యం మాన్పించే ఉచిత డీ-అడిక్షన్ సెంటర్ ఎక్కడుందో తెలిస్తే చాలనుకుంటే సామాజిక న్యాయ శాఖ నంబరు 14446 సూటిగా పనికొస్తుంది. ఇంట్లోవాళ్లకే నిద్ర పట్టకపోవడం, చచ్చిపోవాలనిపించడం దాకా వస్తే మాత్రం 14416కే చేయండి.

చేసేముందు కాగితం మీద రాసుకోండి: ఏ మందు, రోజుకెంత, చివరిసారి ఎన్నింటికి తాగాడు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, వేరే మాత్రలేమైనా వాడుతున్నాడా. "కొంచెమేనండీ" అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. ఒక్క క్వార్టర్ విస్కీలోనే, అంటే 180 మి.లీ.లో, దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కల్లైతే తప్పకుండా చెప్పాలి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజొలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతున్నారు. వాటిని ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి కిక్కిరిసిపోవడానికి మద్యంతో పాటు ఈ కల్లూ కారణమే.

ఒక మార్కు తగ్గించింది ఫోన్‌కున్న హద్దు వల్ల. రోజూ బాగా తాగే మనిషి హఠాత్తుగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే సాధారణంగా 48 గంటల్లోపే. రెండు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనిపించడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం మొదలైతే ప్రాణానికే ముప్పు. అప్పుడు 108, ఆసుపత్రి. మాటలతో అయ్యే పని కాదు. అయ్యప్ప మాల వేసుకోవాలనుకునే భారీ తాగుబోతులు ముందే డాక్టర్ని కలవాల్సింది ఇందుకే. 41 రోజులు ముట్టనివాడు మాల తీశాక మళ్లీ మొదలుపెడితే, దీక్ష ఓడిపోయిందని కాదు. ఆ తర్వాత నెలల తరబడి సాగాల్సిన చికిత్స మొదలవనే లేదని.

ఇంటివాళ్లు కౌన్సెలర్‌తో తేల్చుకోవాల్సిన విషయాలు వేరే ఉన్నాయి. తాగి వచ్చిన రాత్రి వాదన పెట్టుకోకుండా మర్నాడు మత్తు దిగాక మాట్లాడటం, బార్ బాకీలు తీర్చకపోవడం, ఆఫీసుకు "జ్వరమండీ" అని అబద్ధం చెప్పకపోవడం. కొడుతుంటే ముందు మీ భద్రత, మహిళల హెల్ప్‌లైన్ 181. తెలియకుండా కూరలో కలిపే "మందు మాన్పించే పొడి" జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో డైసల్ఫిరాం (మద్యం పడకుండా చేసే మందు) ఉంటే, అది తెలియక దాని మీద మద్యం తాగిన మనిషికి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావొచ్చు.

ఎవరైనా ప్రైవేటు సెంటర్ పేరు చెబితే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. డాక్టర్ రోజూ వస్తాడా, రాత్రిపూట నర్సు ఉంటుందా, ఇంటివాళ్లకు కౌన్సెలింగ్ వారానికి ఎన్నిసార్లు అని అడగండి. "అర్ధరాత్రి వ్యాన్ పంపి ఎత్తుకొస్తాం, మూడు నెలలు మీరు చూడటానికి రాకూడదు" అన్న చోట చేర్చొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గొలుసులతో కట్టేయడం నిషేధం. మనిషి ఒప్పుకునే స్థితిలో లేనప్పుడు కుటుంబం తరఫున చేర్చినా, మొదటి గడువు 30 రోజులే.