రింగెట్ పేరుతో హాకీ సెట్లు అంటగడుతున్నారు, మాస్క్ చూడకుండా కొనకండి

కెనడాలో, ఒంటారియోలోనో ఆల్బర్టాలోనో ఈ ఏడాది పిల్లల్ని కొత్తగా రింగెట్‌లో (స్కేట్స్ వేసుకుని ఐస్ మీద ఆడే, హాకీలాంటి ఆట) చేర్పిస్తున్న తల్లిదండ్రులు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "రింగెట్ స్టార్టర్ సెట్" అని ఒకే సంచిలో పెట్టి అమ్ముతున్న సామాన్లలో కొన్ని పేరుకే రింగెట్‌వి. విప్పి చూస్తే చాలావరకు హాకీవి. అలాంటి సెట్ తెచ్చుకున్న ఏడేళ్ళ పాపని మొదటి ప్రాక్టీసు రోజున కోచ్ ఐస్ మీదికి రానివ్వలేదు. హెల్మెట్‌కి ముఖం ముందు బిగించే కడ్డీల మాస్క్ చూసి ఆపేశారు, ఆపడమే న్యాయం. వాపసు ఇద్దామంటే దుకాణం వాళ్ళు ఒప్పుకోలేదు. ఒకసారి తలకి పెట్టిన హెల్మెట్‌ని వెనక్కి తీసుకునేది లేదన్నారు, పైగా బిల్లు మీద "ఫైనల్ సేల్" అని ముద్ర ఉంది.

ఆ సంచిలో ఏమున్నాయంటే: చదరపు గళ్ళ కేజ్ (హాకీ మాస్క్) బిగించిన హాకీ హెల్మెట్, పొట్టి హాకీ ప్యాంటు, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, గ్లవ్స్, లేబుల్ లేని నెక్ గార్డ్, రెండు సైజులు పెద్ద స్కేట్స్, ఒక కర్ర. వీటిలో నిజంగా రింగెట్ వస్తువు కర్ర ఒక్కటే. ప్యాడ్లు, గ్లవ్స్ హాకీవైనా ఫరవాలేదు, రెండు ఆటలకీ అవే సరిపోతాయి. ప్రాణం మీదికి తెచ్చేది మాస్క్.

ఎందుకో చెప్తాను. హాకీ కేజ్ గళ్ళు పక్‌ని (ఐస్ హాకీలో కొట్టే గుండ్రటి బిళ్ళ), హాకీ కర్ర కింద వెడల్పుగా ఉండే బ్లేడుని ఆపడానికి చేసినవి. రింగెట్ కర్రకి బ్లేడు ఉండదు. 1963లో ఒంటారియోలోని నార్త్ బేలో శామ్ జాక్స్ అనే ఆయన అమ్మాయిల కోసం రూపొందించిన ఈ ఆటలో పక్ బదులు నీలం రంగు రబ్బరు రింగ్ ఉంటుంది. నిటారు కర్ర కొసని ఆ రింగ్ మధ్య బొక్కలో గుచ్చి పట్టుకుని పరిగెడతారు. అందుకే కర్ర కొసన సన్నటి టిప్ ఉంటుంది. చదరపు గడిలోంచి ఆ టిప్ నేరుగా కంటిదాకా వెళ్ళిపోగలదు. రింగ్ కోసం నలుగురు పిల్లలు ఒకేచోట వంగి కర్రలు దించుతారు, ఎత్తుతారు. కొత్తవాళ్ళు కర్రని అవసరానికి మించి ఎత్తుతారు కూడా. రింగెట్ మాస్క్‌లో కడ్డీలు ఏటవాలుగా వచ్చి త్రికోణాల్లా కలుస్తాయి. ఆ సందుల్లోంచి టిప్ దూరదు. తేడా అంతా అక్కడే ఉంది.

దీన్ని అరనిమిషంలో తేల్చుకోవచ్చు. హెల్మెట్‌ని పిల్ల తలమీద నుంచి తీసేసి బల్లమీద పెట్టండి. రింగెట్ కర్ర టిప్‌ని కళ్ళ ఎదురుగా ఉండే గళ్ళలోకి నెట్టండి. లోపలికి దూరిందంటే అది రింగెట్ మాస్క్ కాదు, దుకాణం వాళ్ళు ఏ పేరు పెట్టి అమ్మినా సరే. దూరకపోతే తర్వాత సిఎస్ఏ (కెనడా ప్రమాణాల సంస్థ) గుర్తు కోసం చూడండి. ఆ గుర్తు హెల్మెట్ మీద ఒకటి, మాస్క్ మీద ఒకటి, రెండూ ఉండాలి. హెల్మెట్ మీద మాత్రమే ఉంటే సరిపోదు.

మాస్క్ సరైనదే అయినా సైజు తప్పితే లాభం లేదు. గడ్డం కప్పులో గడ్డం ఆనాలి, నోరు మూసుకున్నప్పుడు మాస్క్ పక్కలకి ఊగకూడదు. హెల్మెట్ అంచు కనుబొమలకి ఒక వేలు పైన ఉండాలి. పట్టీ బిగించి పిల్లని తల అడ్డంగా ఊపమనండి. తల తిరిగి హెల్మెట్ అక్కడే ఉండిపోతే అది పెద్దది.

కర్ర విషయంలో మోసం తక్కువ, పొరపాట్లు ఎక్కువ. స్కేట్స్ వేసుకుని నిలబెట్టి, టిప్‌ని నేలకి ఆనిస్తే కర్ర పై కొస దాదాపు చంకదాకా రావాలి. పొడవైతే పైనుంచి కోయండి, టిప్ వైపు ఎప్పుడూ ముట్టుకోవద్దు. కోసిన చివర బోలుగా మిగిలితే దాన్ని మూతతో గానీ టేపుతో గానీ మూసేయాలి, ఆ వాడి అంచు పొట్టలోనో మెడలోనో గుచ్చుకుంటుంది. పాత కర్ర కొంటే టిప్ మీద వేలు పెట్టి రుద్ది చూడండి. పగుళ్ళు గానీ అరిగి వాడిగా మారిన అంచు గానీ తగిలితే టిప్ మార్పించాకే వాడండి.

స్కేట్స్ దగ్గర మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటున్నారు. "పెరిగే పిల్ల కదండీ, వచ్చే ఏడాదికీ పనికొస్తాయి" అని దుకాణం వాడు అంటాడు, మనకీ ఆ మాట నచ్చుతుంది. చెప్పులకి, బడి బూట్లకి ఆ లెక్క సరే, స్కేట్స్‌కి పనికిరాదు. లోపల పాదం కదిలితే చీలమండ పక్కకి వాలుతుంది, బ్లేడు అంచు మీద బరువు పడదు, పిల్లకి ఆగడం, తిరగడం చేతకాదు. నెల తిరక్కుండానే "నాకు ఇష్టం లేదు" అంటుంది. ఆట నచ్చక కాదు, కాళ్ళు నొప్పి. రింగెట్‌కీ వాడే హాకీ స్కేట్ సైజు మామూలు బూటు సైజు కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువే ఉంటుంది. లేసులు వదులు చేసి, వేళ్ళు ముందుకి తగిలేలా పాదం నెట్టించి, మడమ వెనక మీ వేలు పెట్టి చూడండి. ఒక వేలు పడితే సరి, రెండు పడితే పెద్దవి. మందపాటి ఉన్ని మేజోళ్ళతో ఖాళీ నింపాలని చూడకండి, సన్నటి జత ఒక్కటే వేయండి. ముందు పళ్ళుండే ఫిగర్ స్కేట్స్ ఈ ఆటకి అసలు పనికిరావు.

కొత్త స్కేట్స్‌కి సాన ఉండదు. దుకాణంలో మెరుస్తూ కనిపించినా వాటిమీద నిలబడటమే కష్టం. మొదటి ప్రాక్టీసుకి ముందే సాన పట్టించాలి. ఒకసారి సాన పట్టాక చాలా దుకాణాలు వాపసు తీసుకోవు కాబట్టి ముందు సైజు తేల్చుకోండి. ఆట అయ్యాక బ్లేడ్లు పొడిగుడ్డతో తుడవండి, సిమెంటు నేలమీద నడవనివ్వకండి.

నెక్ గార్డ్‌కి బిఎన్‌క్యూ (క్యుబెక్ ప్రమాణాల సంస్థ) లేబుల్ కుట్టి ఉండాలి. లేకపోతే అది మెడకి చుట్టిన గుడ్డ మాత్రమే, స్కేట్ బ్లేడుకి అడ్డు నిలవదు. ప్యాంటు సంగతి: రింగెట్‌లో తుంటికి, తొడలకి, వెన్ను కిందకి ప్యాడ్లుండే గిర్డిల్ వేసి, మీద పొడవైన నైలాన్ ప్యాంటు తొడుగుతారు. చిన్న వయసు జట్లలో హాకీ ప్యాంటు ఒప్పుకుంటారేమో మీ క్లబ్‌నే అడగండి, ఒప్పుకుంటే ఆ డబ్బు మిగులుతుంది. "ఈ ఆటలో ఒంటితో ఢీకొట్టడం నిషిద్ధం కదా, ఇన్ని ప్యాడ్లెందుకు" అనుకోవద్దు. చిన్నపిల్లలు ఎవరూ తగలకుండానే పడిపోతారు, పడేది గట్టి ఐస్ మీద.

బ్రాంప్టన్, ఆటవా, కాల్గరీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పాత సామాన్లు చేతులు మారుతుంటాయి. ప్యాడ్లు, గిర్డిల్, గ్లవ్స్ అలా కొనుక్కోండి, తప్పులేదు. హెల్మెట్ మాత్రం కళ్ళారా చూసి, చేత్తో పట్టుకున్నాకే. పెంకు మీద పగులు, ఊడిన స్క్రూ, గట్టిపడిన లోపలి ఫోమ్, పీకేసిన సిఎస్ఏ స్టిక్కర్, ఇంట్లో వేసిన రంగు... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వదిలేయండి, ఊరికే ఇచ్చినా వద్దు.

అసలు ముందే సెట్ కొనాల్సిన పనిలేదు. చాలా క్లబ్బులు సీజన్‌కి ముందు "కమ్ ట్రై రింగెట్" పేరుతో పిల్లలకి ఒక గంట ఐస్ మీద రుచి చూపిస్తాయి. కర్రలు తరచుగా వాళ్ళే ఇస్తారు. పిల్లకి నచ్చిందా లేదా చూసి, కోచ్‌కి మాస్క్ ఫొటో పంపి, సరే అన్నాక కొనండి. ఖర్చు భారమైతే పిల్లల ఆటల ఖర్చుకి సాయపడే జంప్‌స్టార్ట్, కిడ్‌స్పోర్ట్ అనే సేవాసంస్థలు ఆదుకుంటాయి. దరఖాస్తు రిజిస్ట్రేషన్‌కి ముందే పెట్టండి.

క్లబ్ ఫీజు కట్టేముందు కూడా నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఫీజులో టోర్నమెంటు ఖర్చు కలిసి ఉందా? జెర్సీ డిపాజిట్, వాలంటీర్ డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగొస్తాయి? మధ్యలో మానేస్తే ఏ తేదీ దాకా రిఫండ్ ఉంటుంది? క్లబ్ రాష్ట్ర సంఘంలో, అంటే రింగెట్ ఒంటారియోలోనో రింగెట్ ఆల్బర్టాలోనో, సభ్యత్వం ఉన్నదేనా? ఆ చివరిది బీమాకి సంబంధించింది, మొహమాటపడకండి. ఒంటారియోలో అయితే రోవన్ చట్టం ప్రకారం తలదెబ్బల గురించిన సమాచారం చదివామని ఏటా మీచేత ధృవీకరణ తీసుకోవాలి. ఆ కాగితం ఊసే ఎత్తని క్లబ్‌ని ఇంకో రెండు ప్రశ్నలు అడగండి.

ఇప్పటికే ఆ సెట్ కొనేసినవాళ్ళు సంచి మొత్తం పారేయనక్కర్లేదు. హెల్మెట్ మంచిదైతే దాన్ని పట్టుకెళ్ళి, దానికి సరిపడే సిఎస్ఏ రింగెట్ మాస్క్ ఒక్కటి కొని, అక్కడే బిగించమనండి. ఉన్న స్క్రూ రంధ్రాలకే అది కూర్చోవాలి. "కొంచెం డ్రిల్ చేస్తే పడుతుంది" అంటే ఒప్పుకోకండి, కొత్త రంధ్రం పడ్డ హెల్మెట్‌కి ఇక ఆ సిఎస్ఏ గుర్తు వర్తించదు. బిగించాక కర్ర టిప్‌తో మళ్ళీ ఒకసారి నెట్టి చూసి, ఆ తర్వాతే బిల్లు కట్టండి.