‘ఫియర్‌లెస్ మూవ్‌మెంట్’: ఏడాది దాటాక కూడా ఫోన్‌లో మిగిలిన ఆల్బమ్

2024లో డౌన్‌లోడ్ చేసుకున్న సోల్ (నల్లజాతి అమెరికన్ల పాటల ధోరణి), జాజ్ ఆల్బమ్‌లలో చాలావాటిని జాగా చాలక తీసేశాను. ఆ ఏడాది మేలో వచ్చిన కమాసీ వాషింగ్టన్ ‘ఫియర్‌లెస్ మూవ్‌మెంట్’ మాత్రం ఉంది. అలాగని మొత్తం వింటానని కాదు. పన్నెండు ట్రాకులు కలిపి గంటన్నరకు కాస్త తక్కువ. కొత్తలో వరసపెట్టి వినేవాణ్ని. ఇప్పుడు అయిదారే తిరుగుతున్నాయి.

కమాసీది లాస్ ఏంజిలస్. వాయించేది టెనర్ శాక్సఫోన్. 2015లో మూడు గంటలకు దగ్గరగా ఉండే ‘ది ఎపిక్’తో పేరు మోగింది. ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’కి పనిచేసిందీ అదే ఏడాది వినిపించింది. ‘ది ఎపిక్’లోనూ, 2018 నాటి ‘హెవెన్ అండ్ ఎర్త్’లోనూ కోరస్, వయొలిన్లు పెద్ద ఎత్తున లేచి మిగతా వాద్యాల్ని ముంచేసేవి. ఈసారి ఆ హంగు బాగా తగ్గించాడు. నాకు నచ్చింది అదే. మైల్స్ మోస్లీ బేస్ (కింది స్వరాల తీగ వాద్యం) ఎటు నడుస్తోందో, డ్రమ్స్ ఎక్కడ తోస్తున్నాయో చెవికి విడివిడిగా అందుతుంది. ఇది డాన్స్ ఆల్బమ్ అని కమాసీయే చెప్పుకున్నాడు. పెళ్లి బరాత్‌లో పెట్టుకునే డాన్స్ కాదు లెండి, కూర్చున్నచోటే కాలు ఆడించే రకం.

అన్నిటికన్నా ఎక్కువ విన్నది ‘ఆషా ద ఫస్ట్’. కమాసీ కూతురు పసితనంలో పియానో మీద చేతులు వేసి ఆడుకుంటుంటే పుట్టిన చిన్న స్వరమాల దీనికి ఆధారం. ఇలాంటి కథ విన్నాక పాట ముద్దుముద్దుగా ఉంటుందనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు. ఆ చిన్న ముక్కనే బృందమంతా పట్టుకుని తిప్పుతుంది. మధ్యలో థండర్‌క్యాట్ అనే కళాకారుడి బేస్ పరుగు అందుకుంటుంది, ఆ తర్వాత కోస్ట్ కాంట్రా బృందానికి చెందిన అన్నదమ్ములు తాజ్, రాస్ ఆస్టిన్ ర్యాప్ చేస్తారు. జాజ్‌లో ర్యాప్ పెడితే అతికించినట్టుంటుందనే నా అనుమానం ఈ ఒక్క పాట దగ్గర నిలవలేదు. ‘గెట్ లిట్’ దగ్గర నిలిచింది. ఫంక్ సంగీతపు పెద్దాయన జార్జ్ క్లింటన్, ర్యాపర్ డీ స్మోక్ ఇద్దరూ ఉండి కూడా అది రేడియో కోసం కుదించిన ముక్కలా తేలిపోయింది. ఇప్పుడు అది రాగానే దాటేస్తాను.

సోల్ ఇష్టపడేవాళ్లకు ‘కంప్యూటర్ లవ్’ చాలు. 1980లలో జాప్ బృందం యంత్రపు గొంతుతో పాడిన పాట ఇది. దాన్ని నెమ్మదింపజేసి ప్యాట్రిస్ క్విన్ మామూలు గొంతుతో పాడింది. రాత్రి స్పీకర్ మీద, తక్కువ వాల్యూమ్‌లో వినండి. ర్యాపర్ ఆండ్రే 3000 ఫ్లూట్లు వాయించిన ‘డ్రీమ్ స్టేట్’ మాత్రం నాకు పని చేసుకునేటప్పుడు వెనక నడిచే సంగీతంగానే మిగిలింది. పూర్తి ధ్యాస పెడితే అంత విషయం దొరకలేదు.

ఇన్నాళ్లు విన్నాక పెద్ద లోపం కమాసీ సోలోల్లోనే తెలిసింది. కింది స్థాయిలో తాపీగా మొదలవుతాడు, మెట్టుమెట్టుగా ఎక్కుతాడు, చివర కేకలాంటి పై స్వరాల దగ్గర ఆగుతాడు. మొదట్లో ఒళ్లు జలదరిస్తుంది. అలవాటయ్యాక, ఇక కేక వస్తుందని ముందే తెలిసిపోతుంది. శాక్సఫోన్ అంటే కద్రి గోపాలనాథ్ కచేరీలే ఎరిగినవాళ్లకు ఈ నాదం మొరటుగా కూడా అనిపించవచ్చు. అక్కడి గమకాల నునుపు ఇందులో ఉండదు. ఊపిరి, గరగర రెండూ బయటికే వినిపిస్తాయి. చెవిలో దూర్చుకునే చవక ఇయర్‌ఫోన్లలో ఆ పై స్వరాలు మరీ గుచ్చుకుంటాయి. ఆల్బమ్‌ని తిట్టే ముందు ఒకసారి స్పీకర్ మీద విని చూడండి.

ఇథియోపియా ప్రాచీన భాష గీజ్‌లో ప్రార్థనతో తెరుచుకునే ‘లెసాను’ గొప్పగానే ఉంటుంది కానీ, కొత్తవాళ్లు అక్కణ్నుంచి మొదలుపెడితే సగంలో అలసిపోతారు. చిట్టచివర ఉన్న ‘ప్రొలాగ్’ ముందు పెట్టండి. అర్జెంటీనా టాంగో స్వరకర్త ఆస్టర్ పియజోలా రచన అది. కమాసీ బృందం దాన్ని డ్రమ్స్ ఉరవడిలో పడేసింది, అయినా ట్యూన్ ఎక్కడా చెదరదు. అది పట్టుకుంటే ‘ఆషా ద ఫస్ట్’కి వెళ్లండి. పట్టుకోకపోతే మిగతా ఆల్బమ్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.