పాత మ్యూజియం భవనం మరమ్మతు: ప్రభుత్వ నిధులా, కంపెనీల విరాళమా?

విజయవాడలో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి గుర్తుగా 1887లో తలపెట్టిన భవనమే నేటి బాపు మ్యూజియం. 2020లో హంగులు దిద్దుకుని తెరుచుకున్నా, ఇంత వయసున్న కట్టడానికి మరమ్మతు ఒక్కసారితో తీరేది కాదు కాబట్టి, డబ్బు ఎటునుంచి రావాలన్నది ఎప్పటికీ ఉండే ప్రశ్నే.

ప్రభుత్వ బడ్జెట్‌తో చేయిస్తే లెక్కలకు ఆడిట్ ఉంటుంది, జవాబుదారీ ఎవరో తెలుస్తుంది. చిక్కంతా టెండరు దగ్గరే వస్తుంది. తక్కువ ధర కోట్ చేసినవారికి పని దక్కే పద్ధతిలో, పాత కట్టడాల్లో వాడిన గానుగ సున్నం (గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం) పూత తెలిసిన మేస్త్రీ కంటే సిమెంటు కాంట్రాక్టరే ముందుంటాడు. సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక, కొన్నేళ్లకే పూత ఉబ్బి పెచ్చులుగా రాలుతుంది. పైగా మార్చి నెలాఖరులోగా ఖర్చు చేయాలన్న తొందర ఒకటి, సున్నమేమో నిదానంగా గట్టిపడే సరుకు.

కంపెనీల చట్టం 2013 ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. చారిత్రక కట్టడాల పునరుద్ధరణ అందుకు అర్హమైనదే. 1996లో కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన జాతీయ సాంస్కృతిక నిధి ద్వారానూ విరాళాలు ఇవ్వవచ్చు. ఈ దారిలో నిపుణులను ఎంచుకునే వెసులుబాటు ఎక్కువ. కానీ దాతలు ముఖద్వారానికీ దీపాలంకరణకూ ముందుకొచ్చినంత ఉత్సాహంగా వాననీటి గొట్టాలకూ పైకప్పు లీకులకూ రారు.

నా మటుకు, ఏటా చేయాల్సిన పనికి ఖజానానే నమ్ముతాను. పెద్ద పునరుద్ధరణకు విరాళం తీసుకోవచ్చు, అయితే సున్నపు పని షరతులూ దాత పేరు బోర్డు కొలతలూ ఒప్పందంలోనే రాసుకోవాలి.