జెల్లని వలతో పట్టకండి: మూడేళ్ల అనుభవం

మూడేళ్లుగా మా ట్యాంకులో ఒక జెల్ల, అంటే మీసాల చేప ఉంది. ఫిల్టరు, లైటు సంగతులు తెలిసినవే, వదిలేస్తున్నా. చెప్పాల్సింది దాని ముల్లు గురించి.

రెండో ఏడు ట్యాంకు మార్చాల్సి వచ్చి, మిగతా చేపల్లాగే దీన్నీ వలతో ఎత్తాను. బెదిరితే జెల్ల మొప్పల వెనకున్న రెండు ముళ్లనీ పక్కలకి చాచి బిగించేస్తుంది. వాటికి రంపానికున్నట్టు పళ్లుంటాయి. అవి వల కళ్లలో దిగిపోయాయి. విడిపించబోతే ఇంకా బిగుసుకుంది. పైగా కీచుకీచుమని ఒకటే అరుపు. ముల్లు మొదలు దాని గూట్లో రాసుకుంటే వచ్చే చప్పుడది. కొత్తలో అది విని మా చేప మాట్లాడుతుందని మురిసిపోయేదాన్ని. అది భయంతో చేసే చప్పుడని ఆ రోజు తెలిసింది.

చివరికి వలని నీళ్లలోనే ఉంచి, ముళ్ల చుట్టూ కత్తెరతో కత్తిరించాం. నా వేలికి దిగిన ముల్లు సాయంత్రం దాకా సలిపింది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో వేలు ముంచితే కాస్త నెమ్మదించింది.

తర్వాత దాన్ని ఒక గాజులాంటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాను. పగలంతా దుంగ కిందే నక్కే చేపని పక్కనుంచి తీరిగ్గా చూడటం అదే మొదలు. కొన్నప్పుడు క్యాట్‌ఫిష్ అన్నారే తప్ప ఏ రకమో చెప్పలేదు. మీటరు పైన పెరిగే స్పెరాటా అనే పెద్ద జెల్ల పిల్లేమోనని అప్పటిదాకా నాకు బెంగ. స్పెరాటాకి వీపు మీది కొవ్వు రెక్క (వీపు రెక్కకీ తోకకీ మధ్యుండే మెత్తటి చిన్న రెక్క) చివర నల్లమచ్చ ఉంటుంది, దీనికి లేదు. వీపు రెక్క ముగిసీ ముగియగానే కొవ్వు రెక్క మొదలైంది, మధ్యలో ఖాళీ లేదు. పొడవాటి మీసాలు తోకని అందుకుంటున్నాయి. మిస్టస్ కవేసియస్ అనే రకం జెల్ల అన్నమాట. బెంగ తీరిందనుకున్నా గానీ, ఇదీ 40 సెంటీమీటర్ల దాకా పెరగగల చేపే. మాది ఇప్పటికి 17.

ఎవరి జోలికీ పోదని చాలామందికి చెప్పాను. తనంత చేపల జోలికి పోదు, అంతే. నియాన్ టెట్రాలనే చిట్టి చేపలు మాత్రం రాత్రికి ఒకటీ రెండూ చొప్పున మాయమయ్యాయి.

నాకు నాలుగడుగుల ట్యాంకు, అడుగున మెత్తటి ఇసుక, అర్ధరాత్రి దాకా మేలుకునే అలవాటు ఉన్నాయి. లైటు ఆర్పాక అది మీసాలతో ఇసుకంతా తడుముతూ తిరుగుతుంటే ఎంతసేపైనా చూస్తాను. పెందలాడే పడుకునేవాళ్లకి ఆ భాగ్యం దక్కదు. ఇంతకంటే పెద్ద ట్యాంకుకి మా ఇంట్లో చోటు లేదు, కాబట్టి మీరూ తెచ్చుకోండని గట్టిగా అనలేను. తెచ్చుకుంటే మటుకు వల బదులు డబ్బా పెట్టుకోండి.