గెనెతెకా: సువావ్కి సరిహద్దు మూలాలు వెతికేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికా వలస వెళ్లిన పోలిష్ కుటుంబాల మూలాలు వెతకడానికి గెనెతెకాని ఏళ్ల తరబడి వాడుతున్నాను, ముఖ్యంగా లిథువేనియా సరిహద్దులోని సువావ్కి ప్రాంతం కోసం. ఇది పోలిష్ వంశావళి సంఘం నడిపే ఉచిత సూచిక. చర్చి రిజిస్టర్లలోని పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలను వాలంటీర్లు చదివి ఎక్కిస్తారు. ఖాతా తెరవక్కర్లేదు. తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఊరి చర్చి తెలిస్తే దీన్ని మించిన సాధనం నాకు కనబడలేదు. ఆ రెండూ లేకుండా దిగితే మాత్రం రోజులు గడుస్తాయి, మనిషి దొరకడు.

ముందు సువావ్కి అన్న పేరు సంగతి తేల్చుకోవాలి. ఓడ జాబితాలోనో పౌరసత్వ కాగితంలోనో ‘సువాల్కీ’ (సువావ్కినే ఇలా రాస్తారు) అని కనిపించగానే చాలామంది ఆ పట్నంలోనే వెతుకుతారు. రష్యా ఏలుబడిలో 1867 నుంచి అది ఏడు జిల్లాల గుబెర్నియా (రష్యా పాలనలోని రాష్ట్రం లాంటిది) పేరు కూడా. 1919-20లో పోలండ్, లిథువేనియా ఈ నేల కోసం పోరాడాయి. చివరికి సువావ్కి, సేయ్నీ, అవుగుస్తూఫ్ పోలండ్‌కి దక్కాయి. కల్వరియా, మరియాంపోలే, విల్కవిష్కిస్ లిథువేనియాలో ఉన్నాయి. గెనెతెకా ఇప్పటి సరిహద్దుల ప్రకారమే విడగొడుతుంది: సేయ్నీ కావాలంటే పోలండ్‌లోని పోద్లస్కీయే రాష్ట్రం, కల్వరియా కావాలంటే లిథువేనియా. ఒకే కుటుంబానికి రెండు చోట్లా వెతకాలి. లిథువేనియా వైపు సూచిక చాలక చాలాసార్లు పాత రిజిస్టర్ల స్కాన్లు ఉండే లిథువేనియా సైట్ ఎపవెల్దాస్‌లో ఒక్కో పేజీ తిప్పాల్సి వస్తుంది. ఇంటిపేరూ రెండు రూపాల్లో ఉంటుంది: ఇటు యాన్కొవ్‌స్కీ, అటు యాన్కౌస్కాస్.

దీనిలో అసలు బలం జంట వెతుకులాట. మొదటి గడిలో తండ్రి ఇంటిపేరు, రెండో గడిలో తల్లి పుట్టింటి పేరు పెట్టి, ఇద్దరినీ జంటగా చూడమని టిక్ పెట్టి పుట్టుకల జాబితా తెరవండి. ఎక్కించిన పిల్లలంతా ఏడాది, అక్ట్ (రిజిస్టర్‌లోని ఒక్కో నమోదు) నంబరు, చర్చితో సహా వరసగా వస్తారు. తోబుట్టువుల పేర్లు అమెరికా కాగితాలతో సరిపోతే ఆ కుటుంబమేనని ధైర్యంగా చెప్పొచ్చు. అమెరికా పేర్లను మాత్రం నమ్మకండి: వాల్టర్ అసలు పేరు వ్వాదిస్వావ్ కావచ్చు, ఆల్బర్ట్ వోయ్‌చెఖ్ కావచ్చు. పెళ్లి దొరక్కపోతే పెళ్లికూతురి చర్చిలో చూడండి. సాధారణంగా అక్కడే జరిగేది.

ఫలితం సున్నా వస్తే రికార్డు లేదని కాదు. చర్చి పేరు పక్కన ఏ ఏళ్లు ఎక్కించారో ఉంటుంది. మధ్యలో నాలుగైదేళ్లు ఖాళీ ఉంటే మీ మనిషి అక్కడే ఉండొచ్చు. నేను ఇప్పుడు ముందుగా చూసేది ఆ ఏళ్ల పట్టికనే. కచ్చితమైన వెతుకులాట టిక్ తీసేస్తే అక్షరం తేడా ఉన్న పేర్లూ వస్తాయి. తప్పు చదివినవాటిలో చాలావరకు ఇలాగే చేతికి చిక్కుతాయి.

సూచిక చూసి ఆగిపోవద్దు, స్కాన్ తెరవాలి. 1808 నుంచి అక్ట్‌లు పోలిష్‌లో పేరాగా రాశారు, 1868 నుంచి రష్యన్‌లో. రష్యన్ అక్ట్‌లో తేదీ జంటగా ఉంటుంది: ‘3/15 ఫిబ్రవరి 1885’ అంటే మొదటిది జూలియన్ (రష్యా వాడిన పాత క్యాలెండర్), రెండోది గ్రెగోరియన్ (ఇప్పటి మన క్యాలెండర్). 19వ శతాబ్దంలో తేడా 12 రోజులు, 1900 మార్చి నుంచి 13. పేర్ల పక్కన బ్రాకెట్‌లో పోలిష్ రూపం రాసి ఉంటే అదృష్టమే, రష్యన్ లిపి సిరిలిక్‌తో కుస్తీ తప్పుతుంది. పోలిష్ అక్ట్‌లో తల్లి పుట్టింటి పేరు ‘జ్’ అనే చిన్న మాట తర్వాత బహువచనంలో వస్తుంది: ‘జ్ యాన్కొవ్‌స్కిఖ్’. ఆ ‘ఖ్’ని పేరులో కలిపేసుకుని వెతికితే ఎప్పటికీ దొరకదు. ఇంకో చిక్కు: బిడ్డను ఆలస్యంగా తెచ్చి రాయిస్తే అక్ట్ ఏడాది వేరు, పుట్టిన ఏడాది వేరు. అందుకే రెండేళ్లు అటూ ఇటూ చూడాలి.

నాకున్న ఫిర్యాదు ఊరి పేరు గడి గురించే. చాలా వరసల్లో అది ఖాళీ. ఒకే చర్చి కింద పదుల ఊళ్లు, ఒకే ఇంటిపేరు రెండు మూడు ఊళ్లలో. అప్పుడు స్కాన్‌లోనే ఊరు చూసుకోవాలి. స్కాన్ లింకు లేకపోతే అక్ట్ నంబరు రాసుకుని ప్రభుత్వ ఆర్కైవ్‌ల సైట్ షుకాయ్ వ్ అర్ఖీవాఖ్‌లో ఆ చర్చి, ఆ ఏడాది పుస్తకం తెరవండి. అక్ట్‌లు నంబరు వరసలో ఉంటాయి, పుస్తకం చివర పేర్ల పట్టిక ఉంటే పని ఇంకా తేలిక. పుట్టుకలకు వందేళ్లు, పెళ్లిళ్లు, మరణాలకు ఎనభై ఏళ్లు నిండనివి అక్కడ దొరకవు. వాటికి ఆ ఊరి పౌర నమోదు కార్యాలయానికి రాయాలి.