లంక కూరగాయలు అన్నార్తుల వంటశాలకు: ఒక సేకరణ సేవపై రైతు సమీక్ష

రావులపాలెం దగ్గర, గోదావరి పాయ మధ్యనున్న గౌతమి లంకలో మాకు రెండెకరాల భూమి ఉంది. సగంలో అరటి, సగంలో కూరగాయలు పండిస్తాము. మాఘమాసం వచ్చేసరికి లంకలన్నీ ఒక్కసారే కాపుకొస్తాయి. వంకాయ, టమాటా, చిక్కుడు ఒకే వారంలో మార్కెట్టు మీద పడితే, కమీషన్ కొట్టులో వేలం పాట పాడే మనిషి మన తట్ట వైపు చూడనైనా చూడడు. కోత కూలి, రేవు దాటించే పడవ ఖర్చు, ఆటో బాడుగ, కొట్టు కమీషన్ లెక్క వేసుకుంటే చేతికి వచ్చేది ఏమీ ఉండదు గనుక చాలామంది కాయను చెట్టుకే వదిలేస్తారు, లేదా పశువులకు వేస్తారు. అలా మిగిలిపోయే పంటను తీసుకువెళ్లి వృద్ధాశ్రమాలకు, అనాథ పిల్లల వసతిగృహాలకు, ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవారికి అన్నం పెట్టే వంటశాలలకు చేర్చే ఒక స్వచ్ఛంద సంస్థ సేవను నేను రెండు కాపుల పాటు వాడుకున్నాను. ఇందులో లోపాలు కూడా చెప్పవలసి ఉంది గనుక సంస్థ పేరు రాయడం లేదు.

ముందుగా మంచి చెబుతాను, ఎందుకంటే అది నిజంగా మంచే. మొదటిసారి వచ్చిన కుర్రాడు తెల్లవారుజామున పడవ దిగి, గట్టు మీద టార్పాలిన్ పరిచి, మంచు తడి ఇంకా ఆరని వంకాయలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకున్నాడు. తొడిమ కింద బొటనవేలితో నొక్కి, సూదిమొన అంత రంధ్రం కనబడితే ఆ కాయను పక్కన పెట్టాడు. "బాబాయ్ గారూ, పుచ్చు ఒక్కటి కిందకెళ్లిందంటే సాయంత్రానికి ట్రే అంతా పోతుందండి" అన్నాడు. నలభై ఏళ్లుగా వంగ పండిస్తున్న నాకు ఆ సంగతి తెలియనిది కాదు. అయినా ఉచితంగా ఇచ్చే కాయను డబ్బిచ్చి కొనే కాయంత శ్రద్ధగా చూసిన మనిషిని చూసి నాకు గౌరవం కలిగింది. ట్రేలన్నీ కాటా వేసి, తరుగు పేరిట బరువు తగ్గించకుండా, నా పేరు, కిలోలు, ఏ వంటశాలకు వెళుతున్నదీ రాసి రసీదు ఇచ్చాడు. మరుసటి వారం అరటి గెలలు కోసిన రోజున ఇచ్చిన రసీదు మీద అరటి పాల మరక పడి, ఇప్పుడు ఆ అంకెలు నల్లగా అలుక్కుపోయి ఉన్నాయి. రసీదులన్నిటినీ ఒక కవరులో దాచుకున్నాను.

కాయ ఎక్కడికి వెళుతున్నదో చూడాలనిపించి ఒకసారి ఆ ఆటోలోనే అమలాపురం వైపున్న వృద్ధాశ్రమానికి వెళ్లాను. అక్కడి వంటమనిషి మా వంకాయలను లేతవి, ముదురువి అని రెండు కుప్పలు చేసి, ముదురు కాయల్లోని గింజను చెంచాతో తీసేస్తూ, పళ్లు లేనివారికి గింజ తగిలితే ఆ పూట అన్నం వదిలేస్తారని చెప్పింది. "ఆనపకాయలు, పొట్లకాయలు వేయండి బాబూ, పెద్దవాళ్లకి అరుగుతాయి" అని అడిగింది. ఏ కమీషన్ కొట్టూ నాకు ఇంత తేటగా చెప్పలేదు. తరువాతి కాపులో చేను చివర రెండు పందిళ్లు ఆనపకు వేశాను. రైతుకూ తినేవారికీ మధ్య ఇలా మాట నడవడమే ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది.

ఇక లోపాలు. ఉదయం ఆరింటికి వస్తామన్న బండి ఒక రోజు పదకొండున్నరకు వచ్చింది. రేవు దగ్గర ఎండలో ఉండిపోయిన ట్రేలలో చిక్కుడు వడలిపోయి, అడుగున ఉన్న టమాటా చితికిపోయి, ఆ రోజు ఇచ్చినదానిలో ముప్పాతిక వంతే పనికొచ్చింది. ముందురోజు రాత్రి ఒక్క ఫోను చేసి ఉంటే కోత మధ్యాహ్నానికి మార్చుకునేవాడిని. దీనికన్నా పెద్ద ఇబ్బంది కోత కూలిది. 180 కిలోల వంకాయ కోయడానికి నలుగురు ఆడ కూలీలకు ఒక పూట పట్టింది. పూటకు 300 చొప్పున 1200 రూపాయలు నేనే ఇచ్చాను. పంటను దానం చేయవచ్చు గాని, ధర లేని రోజున చేతిలోని డబ్బు కూడా పెట్టి దానం చేయడం చిన్న రైతుకు ఎన్నిసార్లు సాధ్యమవుతుంది? మా లంకలో మొదటి ఏడాది పేరు ఇచ్చిన రైతులలో చాలామంది రెండోసారి రాకపోవడానికి కారణం ఇదే. వారిలో మనసు లేనివారు ఎవరూ లేరు.

సంస్థవారు మొదట్లో ఒక ప్రోత్సాహకం గురించి గట్టిగా చెప్పారు. విరాళం ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు తెచ్చే 80జీ గుర్తింపు తమకు ఉందనీ, రసీదు చూపితే పన్ను తగ్గుతుందనీ అన్నారు. ఈ మాట సరికాదు. చేరబోయే రైతులు స్పష్టంగా తెలుసుకోవాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80జీ సెక్షన్‌గా ఉన్న ఈ మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. బియ్యం, కూరగాయలు, బట్టలు వంటి వస్తువులకు వర్తించదు. డబ్బయినా 2000 రూపాయలు దాటితే నగదుగా ఇచ్చినది లెక్కకు రాదు, బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. పైగా వ్యవసాయ ఆదాయానికి కేంద్రం పన్ను వేయదు గనుక, పొలమే ఆధారమైన రైతుకు తగ్గించడానికి పన్నే ఉండదు. అంటే రాజమహేంద్రవరంలో ఉండే ఉద్యోగి ఆ సంస్థకు చెక్కు రాస్తే, పాత పన్ను విధానం ఎంచుకున్నట్లయితే, అతనికి పన్ను రాయితీ వస్తుంది. ఆ చెక్కుతో నడిచే ఆటోలోకి పంట ఎక్కించిన రైతుకు ఏమీ రాదు. ఉద్యోగి ఇచ్చింది తక్కువని నేను అనడం లేదు. ఇద్దరూ కలిస్తేనే కంచంలోకి కూర వస్తుంది కదా, లెక్కలో ఒక్కరే ఎందుకు ఉండాలి?

ఈ పన్ను రాయితీ ఆలోచన అమెరికా నుంచి వినబడుతూ ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో 2018 నుంచి, ఆహారం సేకరించి పేదలకు పంచే ఫుడ్ బ్యాంకుకు పంట దానం చేసిన రైతుకు ఆ పంట విలువలో 25 శాతాన్ని, ఏడాదికి 5000 డాలర్ల వరకు, పన్నులో తగ్గిస్తున్నారు. కట్టవలసిన పన్ను అంతకన్నా తక్కువైతే మిగిలినది చేతికే వస్తుంది. అక్కడ రైతు తన ఆదాయానికి పన్ను కడతాడు గనుక అది పనికొస్తుంది. మనకు దానికన్నా పనికొచ్చేది అక్కడి 2018 వ్యవసాయ చట్టంలో ఉంది. పొలం నుంచి ఫుడ్ బ్యాంకుకు పంట చేర్చే ప్రాజెక్టులకు అందులో ఏడాదికి 40 లక్షల డాలర్లు కేటాయించి, కోత, శుద్ధి, ప్యాకింగు, రవాణా ఖర్చులో సగం మించకుండా కేంద్ర నిధులు వాడుకోవచ్చన్నారు. దేశం ఏదైనా చిక్కు కోత దగ్గర, బండి దగ్గరే ఉందని ఆ చట్టం రాసినవారు గుర్తించారు.

మన దగ్గర కూడా ఇటువంటి ఆలోచన లేకపోలేదు. 2020 జూన్‌లో కేంద్ర పథకమైన ఆపరేషన్ గ్రీన్స్‌ను టమాటా, ఉల్లి, బంగాళాదుంపల నుంచి మిగతా పండ్లు, కూరగాయలకు కూడా విస్తరించి, మిగులు ఉన్న చోటి నుంచి తరలించే రవాణాకూ, నిల్వకూ 50 శాతం రాయితీ ప్రకటించారు. ఆ రాయితీ అమ్మకానికి వెళ్లే సరుకును దృష్టిలో పెట్టుకున్నది. అదే పద్ధతిని గుర్తింపు ఉన్న అన్నదాన వంటశాలకు వెళ్లే సరుకుకు వర్తింపజేసి, సంస్థ కాటా రసీదు ఆధారంగా కోత కూలిలో సగం, బండి బాడుగలో సగం రైతు ఖాతాకు జమ చేస్తే, మా లంకలో కాయ చెట్టున కుళ్లదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ వేళ ఏరు దాటి వచ్చినవారికైనా అన్నం పెట్టిన నేల ఇది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టినప్పుడు ఈ జిల్లా అంతా సంతోషించింది. ఆమె పేరున్న కంచంలోకి ఈ లంకల కూర చేరడానికి కూడా ఇదే దారి పనికొస్తుంది.

రెండో కాపుకు సంస్థ కొంత మారింది. 80జీ మాట మానేసి, దాతలు ఇచ్చిన డబ్బులోంచి కోత కూలికి విడిగా కొంత మొత్తం పక్కన పెట్టి, కూలిలో సగం అదే రోజు ఫోన్‌పేలో కూలీలకే పంపింది. నాకు పడిన భారం సగానికి తగ్గింది, మా పక్క చేను రైతు మళ్లీ చేరాడు. ప్రభుత్వం చేయవలసిన పనిని చందాలతో ఎంతకాలం లాగగలరన్న దిగులు మాత్రం నాకు ఉంది. వేళ తప్పడం ఇంకా పూర్తిగా పోలేదు. రెండో ఏడాది కూడా రెండుసార్లు తొమ్మిది దాటింది.

ఇలాంటి సేవలో చేరాలనుకునే లంక రైతులు ట్రేలను ముందురోజు సాయంత్రమే పంపమని అడగండి, తెల్లవారి పడవలో వాటికి చోటు ఉండదు. బండి రేవుకు బయలుదేరిందని ఫోను వచ్చాకే కోత మొదలుపెట్టండి. వంగ, టమాటాలకు ఇది సరిపోతుంది. ఆకుకూరలు మాత్రం, బండి ఉదయం పదింటిలోపు వంటశాలకు చేరుతుందన్న నమ్మకం కుదిరే వరకు, ఇవ్వకండి.