మాజులిలో ఎవరింట్లో దిగాలి?

అస్సాంలో బ్రహ్మపుత్ర నడుమ ఉన్న మాజులి దీవిలో కమలాబారి నుంచి గరమూర్ దాకా దారి పొడవునా హోమ్‌స్టే బోర్డులే. అందులో వెదురు తడికెలు అంటించిన లాడ్జి గదులూ ఉన్నాయి, నిజంగా సేద్యం చేసుకునే మిసింగ్ అనే గిరిజన తెగ కుటుంబాల ఇళ్లూ ఉన్నాయి. తేడా తెలియాలంటే గది చూసే ముందు గది కింద చూడండి. మిసింగ్‌ల చాంగ్ ఘర్ దాదాపు మనిషెత్తు గుంజల మీద ఉంటుంది. ఆ నీడలో మగ్గం, కట్టెల పేర్పు, కోళ్ల గూడు, వరదల్లో వాడే చిన్న పడవ కనిపిస్తే అది కాపురమున్న ఇల్లు. సిమెంటు గచ్చు పోసి బళ్లు నిలిపితే అది బస మాత్రమే. గోదావరి లంకల్లో వరదొస్తే సామాను అటకెక్కిస్తాం. వీళ్లు ఇంటినే అటకెక్కించి కట్టుకున్నారు.

వెళ్లే దారి జోర్హాట్ మీదుగా. కన్యాకుమారి–దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, రాజమండ్రి, విశాఖ దాటి మరియానిలో ఆగుతుంది. గంటల కొద్దీ ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోండి. మరియాని నుంచి జోర్హాట్ సుమారు 18 కి.మీ., అక్కడి నుంచి నిమతి ఘాట్ 14 కి.మీ. పడవలో గంట ప్రయాణం, తిరుగు దారి ఏటికి ఎదురు కాబట్టి ఇంకాస్త ఎక్కువ. 2021 సెప్టెంబరు 8న నిమతి దగ్గర రెండు పడవలు ఢీకొన్నాక ఒంటి ఇంజను ప్రైవేటు పడవలను ప్రభుత్వం ఆపేసింది. కార్లను కూడా ఎక్కించుకునే పెద్ద ఫెర్రీ దొరికితే అదే ఎక్కండి, లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి. వేళలు నీటిమట్టాన్ని బట్టి మారుతుంటాయి, నది జరిగినప్పుడల్లా రేవూ జరుగుతుంది. అందుకే ఇంటివాళ్లకు ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. సాయంత్రం చివరి పడవ మీద ఆశ పెట్టుకోవద్దు. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు వాలిపోతుంది. అవతలి రేవులో షేర్ బళ్లు నిండితేనే కదులుతాయి, పడవ దిగగానే చోటు పట్టుకోవాలి.

ఇక ఇల్లు. దుంగకు మెట్లు చెక్కిన నిచ్చెన ఎక్కితే పొడుగాటి ఒకే హాలు, నడుమ మెరమ్ అనే పొయ్యి. చెక్క చట్రంలో మట్టి నింపి, వెదురు నేల మీదే నిప్పు పెడతారు. పొయ్యిపైన అంతస్తులుగా వెదురు తట్టలు వేలాడుతుంటాయి. కింది తట్టలో చేపలు, పంది మాంసం పొగకు ఎండుతాయి, పై తట్టల్లో విత్తనాలు, బుట్టలు. ఆ పొగే వెదురుకు పురుగు పట్టకుండా కాపాడుతుంది. మీ బట్టలకు మాత్రం వారం దాకా ఆ వాసన వదలదు. పొగ పడనివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు విడి కుటీరం అడగడం మంచిది. జనవరి రాత్రుల్లో పది డిగ్రీల దాకా దిగుతుంది, చలి నేల సందుల్లోంచి వస్తుంది. కప్పుకోవడానికి రెండో కంబళి ఇస్తే దాన్ని పరుపు కింద వేసుకోండి. దోమతెర, బకెట్ వేడినీళ్లు, మరుగుదొడ్డి ఇంటికి ఎంత దూరం: ఈ మూడూ బుక్ చేసేటప్పుడే తేల్చుకోవాలి. రాత్రి టార్చి లేకుండా ఆ నిచ్చెన దిగొద్దు.

భోజనంలో నూనె, కారం తక్కువ. ఉడకబెట్టిన ఆకుకూరలు, పుల్లని చేపల పులుసు, ఎండుచేపల పొడిని వెదురు గొట్టంలో దట్టించి నిలవ చేసిన నామ్సింగ్. ఆవకాయ సీసా పట్టుకెళ్లినా తప్పులేదు గానీ నామ్సింగ్ రుచి చూడకముందే మూత తీయకండి. శాకాహారులు గిన్నెలు వేరుగా కావాలంటే ముందే చెప్పాలి. చల్లటి నీళ్లలో నానబెడితే చాలు, వండకుండానే మెత్తబడే కోమల్ సావుల్ బియ్యంతో పెరుగు, బెల్లం ఉదయం ఫలహారానికి అడగండి. వరదతోపాటు కాడ సాగే బావ్ ధాన్ అనే వరి గురించి రైతు బిడ్డలెవరైనా తప్పక అడుగుతారు. దాన్ని మార్చి–ఏప్రిల్‌లో వెదజల్లి, నీళ్లు తీశాక డిసెంబరు ప్రాంతంలో కోస్తారు.

బియ్యపు కల్లు అపాంగ్ రెండు రకాలు. తెల్లటి నోగిన్ నాలుగైదు రోజుల్లో తయారవుతుంది. నల్లటి పోరోకు గడ్డి, ఊక సగం కాల్చి, ఆ మసిని అన్నంలో, పులియబెట్టే మూలికల గుళిక పొడిలో కలిపి రెండు మూడు వారాలు మగ్గబెడతారు. తర్వాత ఆకు పరిచిన శంకువు లాంటి వెదురు బుట్టలో పోసి, పైన నీళ్లు పోస్తూ చుక్క చుక్కగా దించుతారు. తియ్యగా దిగుతుందని గ్లాసు మీద గ్లాసు తాగితే నిచ్చెన దగ్గర తెలిసొస్తుంది.

మద్యం, మాంసం పడనివాళ్లకు ఉత్తర కమలాబారి సత్రం (ఇక్కడ సత్రమంటే వైష్ణవ మఠం) అతిథి గదులు నయం. సౌకర్యాలు తక్కువే అయినా తెల్లవారుజాము కీర్తనలు వినొచ్చు. గరమూర్ లాడ్జిల్లో కరెంటు, వేడినీళ్ల సుఖం ఉంటుంది, దీవి జీవితం మాత్రం కిటికీ అవతలే మిగులుతుంది. రెండు రాత్రులుంటే ఒకటి మిసింగ్ ఇంట్లో, ఒకటి సత్రంలో గడపడం మా లెక్క.

సైకిల్ అద్దెకు తీసుకుంటే సమగురి సత్రంలో ముసుగుల (మాస్కుల) పని చూడొచ్చు. వెదురు చట్రానికి మట్టిలో ముంచిన గుడ్డ చుట్టి, పైన పేడ–మట్టి పూత వేస్తారు. ఈ ముసుగులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. సల్మోరాలో సారె లేకుండానే, చేత్తో తట్టి కుండలు చేస్తారు. అది దూరం, బండి మీద వెళ్లండి.

నవంబరు నుంచి మార్చి దాకా అనువు. అస్సామీ ఫాగున్ నెలలో (ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది) మొదటి బుధవారం వచ్చే విత్తనాల పండుగ అలి–ఆయ్–లిగాంగ్‌కు వెళ్లేట్టయితే గదులు చాలా ముందే మాట్లాడుకోవాలి. జూన్–సెప్టెంబరు మధ్య నీరు పెరిగితే పడవలే ఆగిపోతాయి. ఏటీఎంలను నమ్మకుండా నగదు జోర్హాట్‌లోనే తీసుకోండి. డిసెంబరు, జనవరిలో పొగమంచు విడిస్తేగాని ఉదయం పడవ కదలదు, కాబట్టి తిరుగు విమానం టికెట్ దీవి దాటిన మర్నాటికి తీసుకోండి.